కల్పిత భాషలోంచి పాపకు పేరు పెట్టొచ్చా?

ప్రశ్న: మాకు పాప పుట్టి రెండు వారాలయింది. కృత్తిక నక్షత్రం, నాలుగో పాదం. 'ఏ' అక్షరంతో పేరు పెట్టమని పంతులుగారు చెప్పారు. మా వారికి కాలేజీ రోజుల నుంచీ 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' అంటే ప్రాణం. అందులో ఎల్ఫ్‌లు అనే జాతివాళ్లు మాట్లాడే భాషలోంచి 'ఎలెన్యా' అని పెడదామంటున్నారు. నాకూ వినడానికి బాగుంది. కానీ ఒక సైట్‌లో దాని అర్థం 'వెన్నెల కిరణం' అని ఉంది. ఇంకో సైట్ 'నక్షత్రం' అంటోంది. మరొకటి అది గ్రీకు మాటేనని, 'జ్యోతి' అని అర్థమని చెబుతోంది. పేరుకు రెండో మాటగా, అదే కథలోని ఒక ఎల్ఫ్ స్త్రీ పేరు 'గలద్రియెల్' కలపాలని కూడా ఆయన కోరిక. దానికి 'చెట్ల రాణి' అని అర్థమట. మా అత్తగారేమో, "ఎవరో కల్పించిన భాషలో మాటకు అర్థమేంటమ్మా? రేపు నలుగురూ అడిగితే ఏం చెబుతాం?" అంటున్నారు. ఆవిడ మాటలోనూ న్యాయం ఉందనిపిస్తోంది. ఇది చాలదన్నట్టు మా వారు పాప పేరును ఎల్ఫ్ లిపిలో చేతి మీద టాటూ వేయించుకుంటారట. బారసాల 21వ రోజున పెట్టుకున్నాం. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: ముందుగా పాపకు నా ఆశీస్సులు. బారసాలకు వారమే ఉంది కాబట్టి అసలు సంగతి మొదటే చెప్పేస్తాను. మీరు అనుకుంటున్న పేరు నిజంగా ఆ భాషలో ఉన్న మాటే. దానికి 'నక్షత్రాల', అంటే 'నక్షత్రాలకు చెందిన' అని అర్థం. వెన్నెలతో దానికి సంబంధం లేదు. అది గ్రీకు మాటా కాదు. పేరు నిశ్చింతగా పెట్టుకోవచ్చు. గలద్రియెల్ అర్థం మాత్రం మీకు తప్పుగా చేరింది. టాటూ విషయంలో మీ వారు కొంచెం ఆగాలి.

మీ అత్తగారి ప్రశ్నకు దాటవేసే జవాబు చెప్పకూడదు. ఎవరో కల్పించిన భాష అంటే, నోటికొచ్చిన శబ్దానికి తోచిన అర్థం తగిలించడమేనని ఆవిడ అనుకుంటున్నారు. చాలా కల్పిత భాషలు అలాంటివే కూడా. ఈ భాష అలా పుట్టలేదు. దీన్ని నిర్మించిన, 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రచయిత టోల్కీన్ వృత్తిరీత్యా మాటల పుట్టుకను పరిశోధించే పండితుడు. 1919, 1920లలో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీలో పనిచేసి, డబ్ల్యూ అక్షరంతో మొదలయ్యే కొన్ని మాటల చరిత్ర రాశారు. 1925 నుంచి 1959 దాకా ఆక్స్‌ఫర్డ్‌లోనే ప్రొఫెసర్. కుర్రతనంలో ఫిన్నిష్ వ్యాకరణం ఒకటి చేతికి దొరికితే ఆ భాష ధ్వనికి మనసు పారేసుకున్నారు. 1915 ప్రాంతంలో ఆ ఇష్టంతోనే తన సొంత భాషకు నిఘంటువు రాయడం మొదలుపెట్టారు. అదే క్వెన్యా. తర్వాత వెల్ష్ భాష ధ్వనిని తలపించేలా ఇంకో భాష తయారుచేశారు. దాని పేరు సిందారిన్. ఆ రెండూ ఒకే మూలభాష నుంచి విడిపోయి, వేల ఏళ్లలో వేర్వేరు దారుల్లో మారిన అక్కచెల్లెళ్లని ఆయన లెక్క. అందుకే ముందు మూలధాతువులు రాసుకున్నారు. ఆ ధాతువు క్వెన్యాలో ఏ నియమం ప్రకారం ఎలా మారిందో, సిందారిన్‌లో ఎలా మారిందో పక్కపక్కనే పెట్టుకుంటూ వచ్చారు. భాషలకు ఒక లోకం కావాలనే కథలు పుట్టాయి తప్ప, కథల కోసం భాషలు పుట్టలేదని ఆయనే ఒక ఉత్తరంలో రాశారు.

1930ల చివర్లో ఆయన రాసుకున్న ధాతువుల పట్టికను కొడుకు క్రిస్టఫర్ 1987లో అచ్చు వేయించారు. అది చూస్తే భాషాశాస్త్రం చదివినవాళ్లకు ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువు గుర్తుకొస్తుంది. ఒక ధాతువు, దాని కింద ఒక్కో భాషలో దాని సంతానం. కాబట్టి ఈ భాషలో ఒక మాటకు అర్థమేంటని అడిగితే, ఎవరికి తోచింది వాళ్లు చెబితే సరిపోదు. ధాతువు చూపించాలి. ఆ ధాతువు నుంచి ఆ రూపం ఎలా వచ్చిందో చెప్పగలగాలి. ఈమధ్య మనవాళ్లు సంస్కృతమనుకుని పెట్టుకుంటున్న పేర్లలో చాలావాటికి ఆ పరీక్ష పెట్టి చూడండి. చివర 'ఆంశ్' అతికించిన పేర్లకు సైట్లు చెప్పే అర్థాలు ఏ ధాతువుకూ, ఏ సమాసానికీ అందవు. వాటితో పోలిస్తే మీ పాప పేరుకున్న ఆధారం గట్టిది. ఇది మీ అత్తగారికి ధైర్యంగా చెప్పండి.

ఇప్పుడు ఆ ఆధారమేంటో చూద్దాం. మీ పాప పేరు చేరిన మాటల కుటుంబానికి మూలం 'ఎలె' అనే మాట. టోల్కీన్ పురాణంలో ఎల్ఫ్‌లు అనేవాళ్లు ముసలితనం లేని ఒక జాతి. సూర్యచంద్రులు ఇంకా పుట్టని కాలంలో, ఒక సరస్సు ఒడ్డున వాళ్లు కళ్లు తెరిచారు. మొట్టమొదట వాళ్లకు కనిపించినవి నక్షత్రాలు. అవి చూసి 'ఎలె!' అన్నారు. మన నోట అప్రయత్నంగా వచ్చే 'అదిగో!' లాంటి మాట అది. ఆ అరుపు నుంచే వాళ్ల భాషలో నక్షత్రానికి పేరు వచ్చిందని ఆయన కల్పన. క్వెన్యాలో నక్షత్రం 'ఎలెన్'. సిందారిన్‌లో 'ఏల్'. ఆకాశంలోని నక్షత్రాలన్నిటినీ కలిపి 'ఎలెనత్'. నక్షత్రాల కింద కళ్లు తెరిచినవాళ్లు కాబట్టి ఆ జాతివాళ్లు 'ఎల్దార్'. మీ వారికి బాగా తెలిసిన ఎల్‌రోంద్ అనే పాత్ర పేరులో ముందున్నది ఇదే ఏల్. వెనకున్న 'రోంద్' అంటే పైన గోపురంలా కప్పు ఉన్న మందిరం. నక్షత్రాల గోపురం అన్నమాట. నక్షత్రాలను వెలిగించిన దేవత వర్దాకు ఎల్ఫ్‌లు ఇచ్చిన బిరుదు 'ఎల్బెరెత్', నక్షత్రాల రాణి.

'య' క్వెన్యాలో విశేషణం తయారుచేసే ప్రత్యయం. ఎలెన్‌కు అది చేరితే 'ఎలెన్య'. చివర దీర్ఘం లేదు, గమనించండి. ఇదే మాట ఎల్ఫ్‌ల వారంలో మొదటి రోజు పేరు కూడా. వాళ్ల వారానికి ఆరు రోజులు. మొదటిది నక్షత్రాలది, తర్వాత సూర్యుడిది, ఆపైన చంద్రుడిది, అలా సాగుతుంది. చంద్రుడి రోజు పేరు 'ఇసిల్య'. 'ఇసిల్' అంటే చంద్రుడు. వెన్నెల కావాలనుకుంటే ఆ మాట దగ్గరకు వెళ్లాలి తప్ప ఎలెన్య దగ్గరకు కాదు. కథ మూడో భాగం చివర అనుబంధాల్లో, కేలండర్ల గురించి చెప్పేచోట ఈ రోజుల పేర్లన్నీ ఉన్నాయి. అది 1955లో, రచయిత బతికుండగా, ఆయన చేతుల మీదుగా అచ్చయిన పుస్తకం. ఈ భాషలో ఒక మాటకు ఇంతకంటే గట్టి సాక్ష్యం దొరకదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇది చదివితే మీ ఇంట్లో అందరూ సంతోషిస్తారు. పాపది కృత్తిక అన్నారు కదా. కృత్తికల గుంపుకు ఎల్ఫ్‌ల భాషలో పేరుంది: 'రెమ్మిరత్'. 'రెమ్' అంటే వల, 'మీర్' అంటే మణి. వలలో చిక్కిన మణులు. కథ మొదటి భాగంలో, హాబిట్‌లనే పొట్టి మనుషులకు అడవిలో ఎల్ఫ్‌లు ఎదురయ్యే రాత్రి తూర్పున ఎత్తుగా ఆ గుంపు కనిపిస్తుంది. వలలా అల్లుకున్న ఆ నక్షత్రాలను చదువరులు కృత్తికలుగానే గుర్తిస్తారు. కృత్తికలో పుట్టిన పిల్లకు 'నక్షత్రాల' అనే పేరు, అదీ పంతులుగారు చెప్పిన అక్షరంతోనే. మీరు ఏరికోరి వెతికినా ఇంత చక్కగా కుదరదు.

మరి ఆ సైట్లకు ఈ తప్పుడు అర్థాలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఇది మీ పాప పేరుతో ఆగే సంగతి కాదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. రేపు మీ స్నేహితులెవరైనా ఇలాంటి పేరే వెతుక్కోవచ్చు.

పేర్ల సైట్లు ఎక్కువగా ధ్వని పోలికను పట్టుకుని అర్థం చెబుతాయి. ఎలెన్య, హెలెన్ ఒకేలా వినిపించాయి కాబట్టి గ్రీకు అనేశారు. ఇలాంటి పోలికలు మన తెలుగువాళ్లనూ పొరబడేలా చేస్తాయి. వర్దాకు క్వెన్యాలో ఉన్న బిరుదు 'ఎలెంతారి'. వినగానే చివరి మాట మన 'తార' అనుకుంటాం. అర్థం కూడా నక్షత్రాలకు సంబంధించిందే అయ్యేసరికి ఇక అనుమానమే రాదు. కానీ అందులో నక్షత్రం ముందున్న ఎలెన్. 'తారి' అంటే రాణి, ఎత్తు అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. అలాగే మన కావ్యాల్లో యువతిని 'ఎలనాగ' అంటారు. అక్కడ 'ఎల' అంటే లేత. ఎలమావి అంటే లేత మామిడి. మీ పాప పేరు విని పెద్దవాళ్లెవరైనా ఎలనాగను తలుచుకుంటే అది మంచి శకునమే, సంతోషించండి. అర్థం అడిగినప్పుడు మాత్రం ఆ రెంటినీ కలపకండి.

ఈ పోలికల గొడవ టోల్కీన్‌కూ తప్పలేదు. ఆయన కథలో 'మోరియా' అనే పాతాళ నగరం ఉంది. బైబిల్లో 'మోరియా' అనే కొండ ప్రాంతం ఉంది. రెంటికీ సంబంధం ఏంటని అడిగినవాళ్లున్నారు. 1967లో ఒక పాఠకుడి కోసం రాసిన ఉత్తరంలో ఆయన దీన్ని గట్టిగానే ఖండించారు. తన భాషలో 'మోర్' అంటే నలుపు, 'యా' అంటే అగాధం. నల్లటి అగాధం, అంతే. ఆ ధ్వని తనకు ఎక్కడ తగిలిందో కూడా దాచలేదు. ఒక స్కాండినేవియా జానపద కథ పేరులో ఆ శబ్దం వినబడి నచ్చిందని, తన 'మోర్' ధాతువుకు సరిగ్గా అతికిందని చెప్పారు. రచయిత చెవికి శబ్దం ఎక్కడిదైనా కావచ్చు. భాషలోపల దాని అర్థం మాత్రం ధాతువు నుంచే వస్తుంది. ఈ తేడా తెలిస్తే సగం సైట్లు చెప్పే కబుర్లు వాటంతట అవే రాలిపోతాయి.

గలద్రియెల్ సంగతి ఇంకా ఆసక్తికరం. 'చెట్ల రాణి' అనే అర్థం ఎవరో సైట్‌వాళ్లు ఊరికే పుట్టించలేదు. సిందారిన్‌లో చెట్టును 'గలద్' అంటారు. కాంతిని కూడా 'గలద్' అంటారు. తెలుగులో రాస్తే రెండూ ఒకేలా కనిపిస్తున్నాయి కానీ నోట్లో రెండూ వేరు. కాంతిలో ఉన్నది మామూలు ద. చెట్టులో ఉన్నది నాలుక పళ్లకు ఆనీ ఆనకుండా పలికే ద, ఇంగ్లీషులో 'దిస్' అనేటప్పుడు మొదట వచ్చే ధ్వని. రోమన్ లిపిలో మొదటిదానికి డి ఒక్కటే రాస్తారు, రెండోదానికి డి పక్కన హెచ్ కూడా రాస్తారు. గలద్రియెల్ పేరులో ఉన్నది కాంతి. 'రియెల్' అంటే శిరసున మాల ధరించిన కన్య. 'మెరిసే మాలను కిరీటంగా ధరించిన కన్య' అని పూర్తి అర్థం. ఆమె బంగారు జుట్టును చూసి పెట్టిన పేరది.

ఆమె నివాసం మహావృక్షాల అడవి. అక్కడి జనం పేరులో నిజంగానే చెట్టు ఉంది. అందుకని ఆ అడవి బయట, పాత సంగతులు మరిచిపోయినవాళ్లు ఆమె పేరును కూడా చెట్టు అర్థం వచ్చేలా మార్చి పలికేవారని టోల్కీన్ స్వయంగా రాశారు. అడవి లోపలివాళ్లు మాత్రం ఎప్పుడూ అలా పలకలేదట. జనం తెలియక ఒక పేరుకు కొత్త అర్థం అంటగట్టడం ప్రతి నిజమైన భాషలోనూ జరిగేదే. ఆ పొరపాటును కూడా తన కల్పిత చరిత్రలో చేర్చిన మనిషి ఈయన. నాకు ఈ భాషలంటే అంత గౌరవం కలగడానికి ఇలాంటి చోట్లే కారణం. మీ వారిని రెండో మాటగా ఈ పేరు పెట్టుకోనివ్వండి, కానీ సరైన అర్థంతో. నన్నడిగితే రెండు మాటలూ కలిపి పిలవడం పిల్లకు బరువు. ఎలెన్య ఒక్కటే చాలు.

ఒకవేళ రెండో మాట కావాల్సిందే అంటే 'ఆర్వెన్' చిన్నగా, తేలికగా ఉంటుంది. 'ఉత్తమ కన్య' అని అర్థం. కన్యకు సిందారిన్‌లో మాట 'గ్వెన్'. ముందు 'ఆర్' చేరగానే గ జారిపోయి 'వెన్' అయింది. తెలుగు వ్యాకరణం చదివినవాళ్లకు ఇది వింత కాదు. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు అవుతారు, త పోయి ద వస్తుంది. మనం గసడదవాదేశం అంటాం. సిందారిన్‌లోనూ సమాసంలో రెండో మాట మొదటి హల్లు ఇలా మెత్తబడుతుంది. స్నేహితుడు 'మెల్లోన్'. ఎల్ఫ్‌ల స్నేహితుడు అనాలంటే 'ఎల్వెల్లోన్', మ కాస్తా వ అయింది. ఈ నియమం తెలియకుండా నిఘంటువులోంచి రెండు మాటలు తెచ్చి అతికించి పేరు తయారుచేసేవాళ్లు చాలామంది. అలా పుట్టిన పేర్లకు దూరంగా ఉండండి.

సరే, ఒక మాట దొరికింది, దాన్ని నమ్మొచ్చో లేదో ఎలా తెలుసుకోవాలి? అది ఏ సంవత్సరం నాటి మాట అని అడగండి. టోల్కీన్ తన భాషలను 1915 నుంచి 1973లో చనిపోయేదాకా మారుస్తూనే ఉన్నారు. 1915 నాటి నిఘంటువులో ఉన్న మాట 1950ల నాటికి రద్దయి ఉండొచ్చు, లేదా అర్థం మారి ఉండొచ్చు. ఉదాహరణకు ఆయన కథల్లో అందరికంటే సౌందర్యవతి లూథియెన్. 1930లలో ఆ పేరుకు 'మంత్రం' అనే అర్థమున్న ధాతువు చూపించి 'మోహిని' అన్నారు. తర్వాత రాసుకున్న కాగితాల్లో పువ్వుతో ముడిపెట్టారు. రెండూ ఆయన చెప్పినవే. ఇలాంటి పేరుకు అర్థం ఒక్కటే అని ఎవరైనా ఖాయంగా చెబితే వాళ్లు సగమే చదివారని అనుకోవచ్చు. కథలో రాజైన ఆరగోర్న్ పేరు గురించి అడిగితే, ఆ రాజవంశంలో కొన్ని పేర్లు సులువుగా విడమర్చడానికి లొంగవని ఆయనే ఒప్పుకున్నారు.

ఆ మార్పుల్లో ఒకటి తెలుగువాళ్లకే బాగా అర్థమవుతుంది. ఎల్ఫ్‌లు పలకరించుకునే ప్రసిద్ధ వాక్యం ఒకటుంది: 'ఎలెన్ సీలా లూమెన్ ఒమెంతియెల్వొ'. మన కలయిక వేళ మీద ఒక నక్షత్రం ప్రకాశిస్తోంది అని అర్థం. 1954లో మొదటి ముద్రణలో చివరి మాట 'ఒమెంతియెల్మొ' అని ఉండేది. 1960లలో వచ్చిన రెండో కూర్పులో దాన్ని 'ఒమెంతియెల్వొ' అని దిద్దారు. ఇంగ్లీషులో రెంటికీ అనువాదం ఒకటే. కానీ క్వెన్యాలో, మన భాషలో లాగే, ఎదుటి మనిషిని కలుపుకునే 'మన' వేరు, కలుపుకోని 'మా' వేరు. దేనికి ఏ ప్రత్యయం అన్నది ఆయన మళ్లీ ఆలోచించుకుని మార్చారు. కలుసుకున్నది ఇద్దరూ కాబట్టి అక్కడ ఉండాల్సింది 'మన'. ఒక్క హల్లు కోసం అచ్చయిన పుస్తకాన్ని దిద్దించిన మనిషి ఆయన. ఈ వాక్యంలో మొదటి మాట ఎలెన్ అని మీరు గమనించే ఉంటారు. బారసాల కార్డు మీద ఏదైనా వేయాలనుకుంటే ఇదే వేయించండి, దిద్దిన రూపంలో.

అభిమానులు తయారుచేసిన మాటలు కూడా చాలా ఉన్నాయి. టోల్కీన్ రాసిన మాటలతో రోజువారీ సంభాషణ నడవదు కాబట్టి ఆ ధాతువులతోనే కొత్త మాటలు అల్లుతారు. 2001 నుంచి 2003 దాకా వచ్చిన సినిమాల కోసం డేవిడ్ సాలో అనే భాషావేత్త కూడా సంభాషణలు రాయడానికి కొంత అలాగే చేయాల్సి వచ్చింది. నియమాలకు కట్టుబడి చేస్తే అందులో తప్పేమీ లేదు. అది ఆయన మాటో, తర్వాతివాళ్ల మాటో తెలిసి వాడుకోవాలి, అంతే. ఇంటర్నెట్‌లో 'ఎల్దామో' అనే నిఘంటువు ఉంది. అందులో ప్రతి మాట పక్కన అది టోల్కీన్ ఏ కాలపు రచనలో ఎక్కడుందో ఇస్తారు. అభిమానులు అల్లిన మాటలకు వేరే గుర్తు ఉంటుంది. మీ వారు అక్కడ వెతుక్కుంటే ఏ సందేహమైనా తీరుతుంది. మూలం చూపించని ఏ పట్టికనూ లెక్కలోకి తీసుకోకండి.

ఇక పలకడం. ఆయన ఇచ్చిన ఉచ్చారణ నియమం ప్రకారం, చివరి నుంచి రెండో అక్షరం బరువైనదైతే ఊనిక దాని మీద పడుతుంది. ఎ-లెన్-య. 'లెన్' దగ్గర నొక్కాలి. తెలుగులో 'ఎలెన్య' అని చివర హ్రస్వంతో రాయండి. బడిలో వాళ్లు ఎలాగూ 'ఎలెన్యా' అని సాగదీస్తారు, దానికి బాధపడనక్కర్లేదు.

పేరు మీద ఇంట్లో ఇంకా ఏకాభిప్రాయం కుదరకపోతే తొందరపడాల్సిన పనిలేదు. జననం నమోదు గడువులోపు చేయించండి. అందులో పేరు గడి ఖాళీగా ఉంచవచ్చు. ఏడాదిలోపు ఎప్పుడైనా ఫీజు లేకుండా పేరు చేర్పించుకునే వీలుంది. ఒకసారి ఎక్కించాక మార్చుకోవడం పెద్ద తలనొప్పి. కాబట్టి ఇంగ్లీషు స్పెల్లింగ్ ముందే ఖాయం చేసుకోండి. చివర ఏ ఒక్కటే, రెండు కాదు.

మీ అత్తగారితో మాట్లాడేటప్పుడు పుస్తకం గొప్పదనం, సినిమా గొప్పదనం చెప్పకండి. అవి మీ వారి ఇష్టాలు, ఆవిడవి కావు. ఆవిడ అడిగింది అర్థం గురించి. 'నక్షత్రాల' అని అర్థం, పాప కృత్తికలో పుట్టింది, అక్షరం కుదిరింది అని చెప్పండి. ఇది ఆటబొమ్మ భాష కాదని చూపించడానికి ఇంకొక్క మాట కూడా చెప్పండి. ఆ రచయిత భార్య ఈడిత్ 1971లో చనిపోతే, ఆక్స్‌ఫర్డ్‌లోని వోల్వర్‌కోట్ శ్మశానంలో ఆమె సమాధి మీద అసలు పేరు కింద 'లూథియెన్' అని చెక్కించారు. రెండేళ్లకు ఆయన్నూ అక్కడే ఉంచి, ఆయన పేరు కింద 'బెరెన్' అని చెక్కారు. ఆయన కథలో లూథియెన్ ప్రేమించిన వాడి పేరది. భార్య సమాధి మీద వేయించేంత నిజంగా ఆ పేర్లను ఆయన నమ్మారు. వీలైతే ఆవిడకు నచ్చిన పేరు, మీ పెద్దలదో ఇలవేల్పుదో, బియ్యంలో రాసే పేరుగా పెట్టండి. మన ఇళ్లలో పిల్లలకు రెండు పేర్లుండటం ఎప్పుడూ ఉన్నదే.

చివరగా టాటూ. భాష వేరు, లిపి వేరు. 'తెంగ్వార్' అనే ఆ లిపిలో క్వెన్యా రాయొచ్చు, సిందారిన్ రాయొచ్చు, ఇంగ్లీషు రాయొచ్చు, పద్ధతి కుదుర్చుకుంటే తెలుగు కూడా రాయొచ్చు. ఒక్కో భాషకు పద్ధతి వేరు. క్వెన్యా పద్ధతి మన గుణింతానికి దగ్గరగా ఉంటుంది. హల్లు మీద అచ్చు గుర్తు పెడతారు, ఆ అచ్చు హల్లు తర్వాత పలుకుతుంది. మాట అచ్చుతో మొదలైతే ఆ గుర్తు పెట్టడానికి ఒక నిలువు గీత రాస్తారు. సిందారిన్ రాసే పద్ధతుల్లో ఒకదాంట్లో ఇదే గుర్తు తర్వాతి హల్లు మీదికి పోతుంది. అంటే పద్ధతి తప్పితే ఎలెన్య కాస్తా ఇంకేదో అయిపోతుంది. అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఫాంట్లతో. తెంగ్వార్ ఫాంట్లు చాలావాటిలో కీబోర్డు మీద ఏ మీటకు ఏ అక్షరం అన్నది ధ్వని ప్రకారం ఉండదు. ఆ ఫాంట్ పెట్టి మామూలుగా ఇంగ్లీషులో పేరు టైప్ చేస్తే తెర మీద అందమైన అక్షరాలే వస్తాయి. చదివితే ఒక్క ముక్కా ఉండదు. టాటూ వేసే అబ్బాయికి ఆ సంగతి తెలియదు, అతని తప్పు కాదు.

మీ వారు ఆ పేరును ముందు తన చేత్తో కాగితం మీద, క్వెన్యా పద్ధతిలో, ఒక్కో గుర్తు ఎందుకు పెట్టారో మీకు వివరిస్తూ రాయగలగాలి. లిపి తెలిసిన ఇంకో ఇద్దరికి చూపించి, చెప్పకుండా చదవమనండి. ఇద్దరూ ఎలెన్య అని చదివాకే సూది చేతికి ఇవ్వమనండి.